ఇంటి ముందు తారు వేయించే ముందు

గేటు నుంచి పోర్టికో దాకా తారు వేయించాలనుకుంటే ముందు కింద నేల సంగతి చూసుకోండి.

• నల్లరేగడైతే వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైన ఎంత మందంగా తారు వేసినా ఆ బీటలు పైకి తేలతాయి. కనీసం అడుగు లోతు తీయించి మొరం నింపించండి. ఒక్కసారే కుమ్మరించకుండా 15 సెం.మీ. పొరలుగా పోసి, తడిపి, రోలర్ తిప్పించాలి. తర్వాత నిండు లోడు ట్రాక్టరు మెల్లగా నడిపించి టైరు పక్కనే చూడండి. నేల దిగినా, అలలా కదిలినా అక్కడ మళ్లీ తవ్వాల్సిందే. "తారు పడితే సర్దుకుంటుంది సార్" అనే మాట నమ్మొద్దు.

• నీళ్ల పైపు, డ్రైనేజీ, కేబుళ్లు ముందే వేయించండి. తర్వాత ఏదైనా వైరు లాగాల్సి వస్తే పనికొచ్చేలా, దారి కింద అడ్డంగా ఒక ఖాళీ పీవీసీ పైపు కూడా.

• వాలు ఇంటి గోడవైపు ఉండకూడదు. 3 మీటర్ల వెడల్పుకు 6 సెం.మీ. చాలు.

• అంచులకు కర్బు రాళ్లు.

• మొరం మీద పరిచిన కంకరపై దుమ్ము ఊడ్చి ప్రైమ్ కోట్ (పైపొర పట్టుకునేందుకు ముందు చల్లే పలుచని తారు) కొట్టించి, పూర్తిగా ఆరనివ్వండి. మబ్బు పట్టిన రోజు మిక్స్ (వేడి తారు కలిపిన కంకర) లారీ పిలవొద్దు.

• రోలర్ సిద్ధంగా లేకుండా మిక్స్ దించనివ్వొద్దు. అది సుమారు 90 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లారితే ఎంత తొక్కించినా గట్టిగా అణగదు.

• పిల్లల్ని లోపలే ఉంచండి. బకెట్ల నిండా చన్నీళ్లు దగ్గర పెట్టుకోండి. ఒంటి మీద తారు పడితే పీకకుండా నీళ్లు పోస్తూ ఆసుపత్రికి వెళ్లాలి.

• మూడు రోజులు కారు బయటే. ఎండాకాలమైతే ఇంకొన్నాళ్లు.