ఎవులు తాకుతున్నారు? బలాలు, చలనం లెక్కలకు నా పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీద సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లల నోట్సు తెరిస్తే మొదటి పేజీలోనే సూత్రాలన్నీ డబ్బాలు కట్టి ఉంటాయి. వేగానికి ఒకటి, త్వరణానికి (వేగం ఎంత త్వరగా మారుతోందన్నదానికి) ఒకటి, బలానికి ఒకటి. రంగు పెన్నులతో అందంగానే ఉంటాయి. కొందరిది బడిలో ఒడియా మీడియం, కొందరిది ఇంగ్లీషు మీడియం, ఇళ్లలో తెలుగు. మీడియం ఏదైనా తప్పటడుగు పడే చోటు ఒక్కటే. లెక్క చదివీ చదవగానే అందులోని అంకెలు ఏరుకుని, అవి ఏ డబ్బాలో పడతాయా అని వెతుకుతారు. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. ముందు బొమ్మ, బొమ్మ మీద బాణాలు. సూత్రం ఆ తరవాతే.

పద్ధతి పెద్దదేం కాదు. లెక్కలో ఎన్ని వస్తువులున్నా ఒక్కదాన్నే ఎంచుకో. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయి. ఆ గీత వెంట వేలు పెట్టి ఒక చుట్టు తిరిగి రా. దారిలో ఏ వస్తువు తగిలితే అక్కడ ఆగి, అది నీ వస్తువుని ఎటు నెడుతోందో, ఎటు లాగుతోందో బాణం వెయ్యి. ప్రతి బాణం దగ్గరా నేను అడిగేది ఒకే మాట: "ఎవులు తాకుతున్నారు?" (మా వైపు ఎవులంటే ఎవరు అని.) పేరు చెప్పలేకపోతే ఆ బాణం చెరిపెయ్యాలి. తాకకుండా లాగే బలాల్లో భూమిది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని ముందే వేసేసుకో: కిలోల్లో ఉన్న ద్రవ్యరాశిని 9.8తో గుణిస్తే బరువు న్యూటన్లలో (బలాన్ని కొలిచేది వాటితోనే) వస్తుంది, బాణం నిట్టనిలువుగా కిందికి. అయస్కాంతం, విద్యుదావేశం ఉంటే లెక్కలోనే చెబుతారు.

బల్ల మీద పుస్తకం అయితే రెండే బాణాలు. భూమి కిందికి లాగుతోంది, బల్ల పైకి నెడుతోంది. అంతే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కదులుతున్న వస్తువు దగ్గర. బంతిని బ్యాటుతో నేరుగా పైకి కొట్టారు, అది ఇంకా పైకి పోతోంది, గాలి సంగతి పక్కన పెట్టి బాణాలు వెయ్యమంటే దాదాపు అందరూ పైకి ఒక బాణం వేస్తారు. "బ్యాటు బలం ఇంకా ఉంది కదా సార్" అంటారు. ఉంటే బ్యాటు ఎక్కడుంది? కొట్టినవాడి చేతిలో ఉంది. బంతిని తాకుతోందా? లేదు. మరి పైకి బాణం ఎవరిది? చెరిపెయ్. మిగిలింది భూమి బాణం ఒక్కటే. బంతికి ఉన్నది వేగం, అది బలం కాదు. పైకి పోతున్నప్పుడు, పైన క్షణం పాటు ఆగినప్పుడు, కిందికి పడుతున్నప్పుడు, మూడు చోట్లా అదే ఒక్క బాణం, అదే 9.8 త్వరణం. పైన వేగం సున్నా అయింది కదా అని త్వరణం కూడా సున్నా అని రాస్తే మార్కు పోతుంది. పరీక్షలు దిద్దేవాళ్లు సరదాపడి అడిగే ప్రశ్న అది.

ఈ పొరపాటు పడ్డందుకు సిగ్గుపడాల్సింది లేదు. కదలాలంటే ఎవరో ఒకరు తోస్తూ ఉండాలని అరిస్టాటిల్ చెప్పిన మాటని లోకం దాదాపు రెండు వేల ఏళ్లు మోసింది. గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి, 1638లో అచ్చయిన పుస్తకంలో దాన్ని కదిలించాడు. 1687లో న్యూటన్ మూడు నియమాలుగా బిగించాడు. కదులుతూ పోవడానికి బలం అక్కర్లేదు. వేగం మారడానికి, లేదా దిక్కు మారడానికి కావాలి.

ఇది నోటితో చెబితే నమ్మరు. అందుకే ఒక ఇటుక, ఒక స్ప్రింగు కాటా కావాలి. పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర ఉంటుందే, కొక్కెం వేలాడేది, అది చాలు. అంకెలు చూపించే ఎలక్ట్రానిక్ కాటా వద్దు, ముల్లు కదలడం కంటికి కనిపించాలి. కాటాని అడ్డంగా పట్టుకున్నప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో ముందు చూసుకో. వేలాడదీసి సరిచేసిన కాటా అడ్డంగా పెడితే కొక్కెం బరువు దాని మీద పడదు కాబట్టి ముల్లు కొంచెం వెనక్కి జరగొచ్చు. ఎంత జరిగిందో రాసి పెట్టుకుని తరవాత కలుపుకో.

ఇటుకని తూచు. మా ఇంట్లోది 3 కిలోలు, అంటే బరువు 29.4 న్యూటన్లు. పురికొస చుట్టి కాటా కొక్కేనికి తగిలించి, గచ్చు మీద అడ్డంగా, మెల్లగా లాగు. ముల్లు అరకిలో దాటింది, ఇటుక కదల్లేదు. కిలో దగ్గరికి వచ్చింది, ఇంకా కదల్లేదు. ఇక్కడ ఆగి అడుగు: ఇప్పుడు ఘర్షణ ఎంత? పుస్తకంలో గరిష్ఠ ఘర్షణకి సూత్రం ఉంది కదా అని దాంట్లో వేసేస్తారు పిల్లలు. కాదు. నువ్వు లాగుతున్నది 1 కిలో గుర్తు దగ్గర, అంటే 9.8 న్యూటన్లు. ఇటుక కదల్లేదంటే గచ్చు కూడా సరిగ్గా 9.8 న్యూటన్లే వెనక్కి పట్టింది. నువ్వు ఎంత లాగితే అది అంత పడుతుంది, దాని ఓపిక ఉన్నంతవరకు. మా గచ్చుకి 1.8 దగ్గర ఓపిక అయిపోయింది, ఇటుక జర్రున జారింది. జారడం మొదలయ్యాక ఒకే తీరుగా లాగుతుంటే ముల్లు 1.5 దగ్గర నిలబడింది. అంటే 14.7 న్యూటన్లు, బరువులో సరిగ్గా సగం. మీ ఇంటి గచ్చు నున్నదైతే నీకు వేరే అంకె వస్తుంది, రావాలి కూడా.

ఆ 1.5 దగ్గర ఇటుక కదులుతోంది, కానీ వేగం మారడం లేదు. ముందుకి నీ లాగుడు 14.7, వెనక్కి ఘర్షణ 14.7, మొత్తం సున్నా. కదులుతున్నా మొత్తం బలం సున్నా! ఈ మాట దగ్గర పిల్లలు కాసేపు మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లని తొందరపెట్టకూడదు, నేను ఆ టైములో టీ తాగుతాను.

ఇప్పుడు ఇటుకని పక్కకి తిప్పి, సన్నటి అంచు మీద నిలబెట్టి లాగు. గచ్చుకి ఆనేది తక్కువ కదా, ఘర్షణ తగ్గుతుందని అందరూ పందెం కడతారు. ముల్లు మళ్లీ 1.5 దగ్గరలోనే నిలబడుతుంది. ఆనిన వైశాల్యంతో పని లేదు, ఎంత గట్టిగా ఆనిందన్నదే లెక్క. 1699లో అమోంటన్ అనే ఫ్రెంచి ఆయన చెప్పిన సంగతి ఇది. ఇటుక మీద ఇటుక పెడితే రెట్టింపు అవుతుంది. కింద నాలుగు గుండ్రటి పెన్సిళ్లు పెడితే ముల్లు లేచిందా లేదా అన్నట్టు ఉంటుంది.

ఇక రథం. మూడో నియమం చెప్పాలంటే మా ఊళ్లో రథయాత్ర కంటే మంచి ఉదాహరణ లేదు. జనం రథాన్ని ఎంత బలంతో లాగితే రథం జనాన్ని అంతే బలంతో వెనక్కి లాగుతుంది. నియమం అదే కదా. "మరయితే రథం ఎలాగ కదుల్తాది సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగని ఏడు నాకు దిగులేస్తుంది.

గీత గీయి. ముందు రథం చుట్టూ మాత్రమే. దాన్ని తాకుతున్నది రోడ్డు, తాడు. భూమి కిందికి, రోడ్డు పైకి, ఈ రెండూ సరికి సరి. తాడు ముందుకి. చక్రాల కింద రోడ్డు రాపిడి వెనక్కి. రథం 4,000 కిలోలనుకో, తాడు 6,000 న్యూటన్లతో లాగుతోంది, రాపిడి 5,600. మిగిలింది 400 న్యూటన్లు ముందుకి. త్వరణం = మొత్తం బలం ÷ ద్రవ్యరాశి = 400 ÷ 4,000 = సెకనుకి సెకనుకి 0.1 మీటరు. 5 సెకన్లకి వేగం సెకనుకి అర మీటరు. రథం కదలాలా వద్దా అన్నది తేల్చేది ఈ బాణాలే. రథం జనాన్ని లాగే బలం ఇందులో లేదు, ఎందుకంటే అది రథం మీద పడే బలం కాదు. అది జనం మీద పడుతుంది.

ఇప్పుడు కొత్త బొమ్మలో జనం చుట్టూ గీత గీయి. తాడు వాళ్లని వెనక్కి లాగుతోంది. వాళ్లు కాళ్లతో నేలని వెనక్కి తంతే నేల వాళ్లని ముందుకి నెడుతోంది. రథాన్ని లాగేది చేతులని అనుకుంటాం గానీ, ఆఖరికి ఆధారం పాదాల కింద ఘర్షణే. ఆషాఢంలో వాన పడి రోడ్డు బురదయితే ఎంత కండపుష్టి ఉన్నవాడైనా కాలు జారి కూలబడతాడు, రథం అంగుళం కదలదు. జనం పట్టు అలాగే ఉంది, నేల ఇచ్చే బలం తగ్గింది.

దీన్నుంచే ఇంకో చిక్కు విడుతుంది. బల్ల మీద పుస్తకానికి బరువు, బల్ల నెట్టుడు సమానం, ఎదురెదురు. కాబట్టి అవి మూడో నియమంలోని చర్య, ప్రతిచర్య జంట అని రాస్తారు. కావు. అవి రెండూ ఒకే పుస్తకం మీద పడుతున్నాయి. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ వేరు వేరు వస్తువుల మీదే పడతాయి. భూమి పుస్తకాన్ని లాగడానికి ప్రతిచర్య, పుస్తకం భూమిని లాగడం.

రైలు లెక్కలు చాలావరకు ఆపడం గురించే వస్తాయి. నౌపడ నుంచి మా ఊరికి 1900లో నడక మొదలెట్టిన చిన్న బండికి పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. తరవాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి వేసి మళ్లీ తిప్పారు. పాత బండి స్టేషన్లో పూర్తిగా ఆగకముందే దిగేవాళ్లు బండి పోయే వైపే నాలుగడుగులు పరుగెత్తేవారు. నేలని తాకి పాదం ఆగిపోతుంది, నడుం పైభాగానికి మాత్రం బండి వేగం ఇంకా ఉంటుంది. పరుగెత్తకపోతే బోర్లా పడతారు. జడత్వం అంటే అదే. (ఇప్పటి బండి దగ్గర ఈ ప్రయోగం చేశావంటే మీ ఇంట్లోవాళ్ల కంటే ముందు నేను తంతాను.)

లెక్కకి 400 టన్నుల బండి గంటకి 54 కిలోమీటర్లతో వస్తోందనుకో. గంట కిలోమీటర్లని 5తో గుణించి 18తో భాగిస్తే సెకను మీటర్లు: 15. బ్రేకు వేశాక 225 మీటర్లకి ఆగింది. వేగం తగ్గే త్వరణం కావాలంటే వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగించు: (15 × 15) ÷ (2 × 225) = 225 ÷ 450 = 0.5. బలం = 4,00,000 × 0.5 = 2,00,000 న్యూటన్లు. ఇది వెనక్కి వేసిన బాణం. ఎవరు తాకుతున్నారు? పట్టాలు. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది, బండిని ఆపేది పట్టా.

ఇదే బండి 108తో వస్తే, అదే బ్రేకుకి 450 మీటర్లలో ఆగుతుందని చెబుతారు. కాదు, 900. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. బైకుకీ ఇదే లెక్క. సెకనుకి సెకనుకి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించే బ్రేకు ఉంటే, 36 కిలోమీటర్ల వేగంలో 10 మీటర్లకి, 72లో 40 మీటర్లకి ఆగుతుంది. బ్రేకు మీదికి కాలు పోయేలోగా దాటే దూరం దీనికి అదనం. కొత్తగా బండి చేతికొచ్చిన అన్నయ్యలున్న ఇళ్లలో ఈ నాలుగు అంకెలు గోడ మీద రాయించాను.

పాతపట్నం పోయే ఆటో మలుపు తిరిగినప్పుడు బయటికి తోసినట్టు అనిపిస్తుందే, దానికి బాణం వెయ్యాలా? నీ చుట్టూ గీత గీసి తిరుగు. బయటికి తోసేవాడెవడూ తగలడు. తగిలేది నీ పక్కనున్న కమ్మీ, అది నిన్ను లోపలికి నెడుతోంది. ఒళ్లు తిన్నగా పోబోయింది, ఆటో మలుపు తిరిగింది. రోడ్డు మీద నిలబడి చూసేవాడి లెక్కలో బయటికి బాణం లేదు.

ఆఖరుగా ఒక లెక్క, మా ఇటుకలతోనే. రెండు ఇటుకలని ఒకదాని వెనక ఒకటి పెట్టి మధ్యలో పురికొస కట్టు. ముందుదాన్ని 35.4 న్యూటన్లతో లాగితే మధ్య పురికొసలో బిగువు ఎంత? ముందు రెండింటి చుట్టూ కలిపి ఒకే గీత గీయి. ముందుకి 35.4, వెనక్కి ఘర్షణ రెండు 14.7లు, అంటే 29.4. మిగిలింది 6. ద్రవ్యరాశి 6 కిలోలు, త్వరణం 1. మధ్య పురికొస గీత లోపల ఉండిపోయింది కాబట్టి దానికి బాణం లేదు. దాన్ని బయటికి రప్పించాలంటే వెనక ఇటుక ఒక్కదాని చుట్టూ మళ్లీ గీయాలి. 3 కిలోలకి 1 త్వరణం రావాలంటే మిగులు 3 న్యూటన్లు కావాలి. ఘర్షణ 14.7 దాటి 3 మిగలాలంటే బిగువు 17.7. ఇప్పుడు ముందు ఇటుక చుట్టూ గీసి నువ్వే సరిచూసుకో: 35.4 లోంచి 17.7, 14.7 తీసేస్తే అక్కడా 3 రావాలి.