కంప్యూటర్లను పోల్చడం నేర్చుకుందాం – 5వ పాఠం: షట్‌డౌన్ చేస్తే నిజంగా ఆగినట్టేనా?

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఒకే కంప్యూటర్‌లో విండోస్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో, లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎంతసేపట్లో తెరుచుకుంటుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిచి పంపమన్నాను. అసలైతే ఈ వారం ప్రాసెసర్ పేర్లు చదవడం నేర్చుకోవాలి. మీ జవాబులు చూశాక ఆ పాఠాన్ని సగానికి కుదించాను. ఎక్కువ చోటు గడియారానికే పోతుంది. తప్పు చాలావరకు నాది. "ఆపి, మళ్ళీ ఆన్ చేసి కొలవండి" అన్నాను గానీ ఆపడం అంటే ఏమిటో చెప్పలేదు.

చంద్రగిరి నుంచి బీటెక్ చదివే తమ్ముడు విండోస్‌కు 12 సెకన్లు, మింట్‌కు 29 సెకన్లు అని పంపాడు. కింద ఇంకో ముక్క రాశాడు: "పాత ల్యాప్‌టాప్‌కు లినక్సే తేలిక అని మొదటి పాఠం నుంచీ చెప్తున్నారు కదక్కా, మరి ఇదేంటి?" పుత్తూరులో జెరాక్స్ షాపు నడిపే అన్నకు లెక్క పూర్తిగా తిరగబడింది. ఆయనకు విండోస్ 1 నిమిషం 50 సెకన్లు, మింట్ 20 సెకన్లు. విండోస్ తీసి పారేస్తానంటున్నారు. శ్రీకాళహస్తి టీచరుగారు కొలతలే పంపలేదు. మింట్‌లో డి డ్రైవ్ తెరిస్తే ఫైళ్ళు కనిపిస్తున్నాయి గానీ కొత్తగా ఏదీ సేవ్ కావడం లేదట. "డిస్క్ పోయిందా మేడమ్? పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టారు.

ముందు ఆమెకే చెప్తాను. డిస్క్‌కు ఏమీ కాలేదు, మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద రాసింది పూర్తిగా చదివేదాకా ఆ డ్రైవ్‌ను బలవంతంగా తెరవాలని మాత్రం చూడకండి.

పుత్తూరు అన్న సంగతి తొందరగా తేలిపోతుంది. ఆయన విండోస్ పాత హార్డ్ డిస్క్ మీద ఉంది. మింట్ వేయడానికి కొత్తగా ఎస్ఎస్‌డీ, అంటే చిప్‌ల మీద దాచుకునే డిస్క్, కొన్నారు. అంటే ఆయన పోల్చింది విండోస్‌నూ మింట్‌నూ కాదు, రెండు డిస్కులను. ఆ హార్డ్ డిస్క్‌లో పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 5.5 మిల్లీసెకన్లు. సూది జరగడానికి పట్టే సమయం వేరే. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు చదివేవి వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ముక్క దొరకడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. ఆ నిమిషంన్నర తేడాలో సింహభాగం ఇక్కడిదే. అన్నా, విండోస్‌ను కూడా ఆ ఎస్ఎస్‌డీ మీద వేసి కొలవండి, అప్పుడు మాట్లాడుకుందాం.

చంద్రగిరి తమ్ముడి 12 సెకన్లకూ, టీచరుగారి డి డ్రైవ్‌కూ కారణం మాత్రం ఒక్కటే. దాని పేరు ఫాస్ట్ స్టార్టప్. నేను చేయి పెట్టే ప్రతి కంప్యూటర్‌లోనూ మొదట తీసేసేది దీన్నే.

2012లో విండోస్ 8తో ఇది వచ్చింది. 10లోనూ, 11లోనూ ఉంది. మామూలుగా మనమేం అనుకుంటాం? షట్‌డౌన్ నొక్కితే అంతా ఆగిపోతుంది, మర్నాడు ఆన్ చేస్తే అంతా మొదటి నుంచి మొదలవుతుంది అనుకుంటాం. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే అలా జరగదు. మీరు తెరిచిన ప్రోగ్రాములను విండోస్ మూసేస్తుంది, మిమ్మల్ని బయటికి పంపుతుంది. తన సొంత గుండెకాయను, అంటే కెర్నెల్‌నూ, ప్రింటర్, వైఫై లాంటి పరికరాలను నడిపే డ్రైవర్లనూ, మెమరీలో ఉన్నవి ఉన్నట్టుగా సి డ్రైవ్‌లో ఒక దాచిన ఫైల్‌లోకి రాసుకుని కరెంటు తీసేస్తుంది. మర్నాడు ఆ ఫైల్‌ను తిరిగి మెమరీలోకి ఎక్కించుకుని నిద్ర లేస్తుంది.

ఒకరు రాత్రే పిండి రుబ్బి పెట్టుకుని పొద్దున దోసెలు పోస్తారు. ఇంకొకరు పొద్దున లేచి మినప్పప్పు నానబెట్టడం దగ్గర నుంచి మొదలుపెడతారు. ఎవరి దోసె ముందు పళ్ళెంలో పడిందో చూసి ఎవరి చేయి వాటం గొప్పదో చెప్పగలమా? చంద్రగిరిలో జరిగిన పోటీ అదే. విండోస్ రాత్రి రుబ్బిన పిండితో వచ్చింది. మింట్ పప్పు నానబెట్టింది.

నా మాట నమ్మకపోతే మీ కంప్యూటర్‌నే అడగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్‌టైమ్ అన్న చోట చూడండి, మొదటి నుంచి మొదలై ఎంతసేపయిందో అక్కడ ఉంటుంది. ఆ తమ్ముడు "రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటానక్కా" అన్నాడు. ఫొటో తీసి పంపమన్నాను. అందులో 13:06:41:09 అని ఉంది. మొదటి అంకె రోజులది. పదమూడు రోజుల ఆరు గంటలుగా ఆ విండోస్ ఒక్కసారి కూడా మొదటి నుంచి మొదలవలేదు.

ఇందులో జనం ఎక్కువగా తడబడేది రీస్టార్ట్ దగ్గర. షట్‌డౌన్ పెద్ద ఆపడం, రీస్టార్ట్ చిన్న ఆపడం అని అందరి మనసులో పడిపోయింది. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్‌లో ఇది తలకిందులు. రీస్టార్ట్ చేస్తే ఆ దాచిన ఫైల్ ప్రమేయం ఉండదు, అంతా మొదటి నుంచి లోడవుతుంది. షట్‌డౌన్ చేస్తేనే పాతది దాచుకుంటుంది. ప్రింటర్ పలకడం లేదని, వైఫై రావడం లేదని పది సార్లు షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తారు. చెడిపోయిన డ్రైవర్ అదే స్థితిలో పది సార్లూ తిరిగి లేస్తుంది. ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే సరిపోయేది. ఇలా బాగున్న వైఫై కార్డును మార్పించుకున్నవాళ్ళను మన తిరుపతిలోనే చూశాను. వాళ్ళ డబ్బు ఊరికే పోయింది కదా అని నాకు ఇప్పటికీ బాధ.

ఆ తమ్ముణ్ణి రీస్టార్ట్ చేసి మళ్ళీ కొలవమన్నాను. విండోస్ 31, మింట్ 29. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు రెండు సెకన్లు తేడా కిందికే రావు. ఎస్ఎస్‌డీ ఉన్న ఆ ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే వేగం విషయంలో రెండూ సమానమే. లినక్స్ గెలవలేదే అని నాకేం చిన్నతనం లేదు. సరిగ్గా కొలిచిన అంకె ఏదైనా నాకు ఇష్టమే.

ఇప్పుడు టీచరుగారి డి డ్రైవ్. విండోస్ అలా నిద్రపోయేటప్పుడు, డిస్క్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికను కూడా మనసులో పెట్టుకునే నిద్రపోతుంది. ఆ సమయంలో మింట్ వచ్చి అదే డ్రైవ్‌లో కొత్త ఫైల్ రాసిందనుకోండి. విండోస్‌కు ఆ సంగతి తెలియదు. లేచి తన పాత పట్టిక ప్రకారం రాసుకుంటూ పోతుంది, కొత్త ఫైల్ మీదుగా కూడా. మింట్‌కు ఈ ప్రమాదం తెలుసు. అందుకే విండోస్ నిద్రలో ఉందని కనిపెట్టి, చదవనిస్తుంది, రాయనివ్వదు. అది మీ మార్కులను కాపాడుతోంది.

దీన్ని దాటేసే ఆదేశాలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. 2016లో నేనూ ఒకటి వాడాను. మా తమ్ముడి పెళ్ళి ఫొటోలు మింట్‌లో నుంచి బలవంతంగా డి డ్రైవ్‌లోకి కాపీ చేసి, కెమెరా కార్డు ఖాళీ చేసేశాను. మర్నాడు విండోస్ తెరుచుకుంటూనే డిస్క్ పరీక్ష మొదలుపెట్టింది. అది అయ్యాక చూస్తే ఫోల్డర్ పేరు ఉంది, లోపల ఏమీ లేదు. తలంబ్రాల ఫొటోలు మాకు బంధువుల ఫోన్లలో ఉన్నవే మిగిలాయి.

కాబట్టి ఇలా చేయండి. విండోస్‌లోకి వెళ్ళి షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా తీసేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవండి. ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు ఉంటుంది. దాని లోపల, పైన చిన్న డాలు బొమ్మ ఉన్న వరుసను నొక్కితేనే కింది గడులు మారనిస్తాయి. ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసి సేవ్ చేయండి. దాని పక్కన రికమెండెడ్ అని ఉంటుంది, భయపడకండి. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్న కంప్యూటర్‌కు ఆ సలహా పనికిరాదు. విండోస్ పెద్ద అప్‌డేట్ అయ్యాక ఆ టిక్ మళ్ళీ వచ్చిందేమో ఒకసారి చూసుకోండి.

ఇక ప్రాసెసర్ పేర్లు. బాలాజీ కాలనీలో ఒకే గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్ళ పంచాయతీ నా దగ్గరికి వచ్చింది. ఒకరిది ఐ7–7500యు, ఇంకొకరిది ఐ5–8250యు. మొదటి కుర్రాడు "నాది ఐ7, పైగా 2.7 గిగాహెర్ట్జ్, వాడిది 1.6" అంటాడు. అతను చెప్పిన రెండు అంకెలూ నిజమే. కానీ ఐ5, ఐ7 అన్నవి ఆ తరంలో ఎవరు పై మెట్టు, ఎవరు కింది మెట్టు అని చెప్పడానికే. వేర్వేరు తరాల మధ్య ఆ లెక్క నడవదు. తరం చెప్పేది గీత తర్వాతి మొదటి అంకె: 7500లో 7, 8250లో 8. పదో తరం నుంచి అది రెండంకెలు అవుతుంది. చివరి యు అంటే తక్కువ కరెంటు తాగే ల్యాప్‌టాప్ చిప్ అని. ఈ రెండూ 15 వాట్లవే.

2016లో వచ్చిన ఆ ఐ7లో కోర్లు (చిప్ లోపల పని చేసే మెదళ్ళు) రెండు, థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) నాలుగు. 2017లో వచ్చిన ఐ5లో కోర్లు నాలుగు, థ్రెడ్లు ఎనిమిది. 2.7, 1.6 అనేవి మామూలు వేగాలు. అవసరం వచ్చినప్పుడు ఐ7 3.5 దాకా, ఐ5 3.4 దాకా పోతాయి. ఉత్తరం టైప్ చేసుకునేవాడికి రెండూ ఒకటే. వీడియో మార్చేటప్పుడు, ఒకేసారి నాలుగు పనులు పెట్టినప్పుడు ఐ5 చాలా ముందుంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ఇంటెల్ చిప్‌ల జాబితా, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఐ7 కుర్రాడికి మింట్ నేర్చుకోవాల్సిన అవసరం ఎక్కువ. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకు నా సొంత సలహా ఇదే: పేరు వదిలేయండి, ఎనిమిదో తరానికి కిందికి పోవద్దు, ఎస్ఎస్‌డీ లేకపోతే వేయించుకునే ఖర్చు కూడా కలిపి బేరమాడండి.

"మింట్ వేశాక నా 465 జీబీ డిస్క్ 500 జీబీ అయింది" అన్నవాళ్ళకు: డిస్క్ పెరగలేదు. 50 వేల కోట్ల బైట్లను వెయ్యి లెక్కన భాగించుకుంటూ పోతే 500, విండోస్ లాగా 1024 లెక్కన భాగిస్తే 465.

వేడి సంగతి కూడా ఒకటుంది. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద రేకుల గదిలో, దుప్పటి మీద పెట్టి కొలిస్తే ఆ అంకె ప్రాసెసర్‌ది కాదు, ఆ గదిది. పైన చెప్పిన చిప్‌లు 100 డిగ్రీల దగ్గరికి వస్తే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. బల్ల మీద పెట్టండి. కింద గాలి ఆడేట్టు రెండు వైపులా రెండు పుస్తకాలు పెడితే ఇంకా మంచిది.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమైనదే ఇస్తున్నాను. మొత్తం 12 కొలతలు కావాలి: విండోస్ మూడుసార్లు, మింట్ మూడుసార్లు, పొద్దున ఆరింటికి ఒక విడత, మధ్యాహ్నం మూడింటికి ఒక విడత. రెండూ ఒకే డిస్క్ మీద ఉండాలి. ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. ఛార్జర్ పెట్టి ఉంచాలి, వైఫై ఆపాలి. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూలో ఎంటర్ నొక్కిన క్షణాన గడియారం మొదలుపెట్టండి. పాస్‌వర్డ్ తెర రాగానే ఆపి, ఎంటర్ నొక్కాక కొనసాగించండి, ఎందుకంటే ఆ మధ్య సమయం మీ వేళ్ళది. డెస్క్‌టాప్ కనిపించగానే అయిపోయిందనుకోకండి, వెనక ఇంకా పని జరుగుతూనే ఉంటుంది. రెండింట్లోనూ పనిచేసే లిబ్రే ఆఫీస్ రైటర్ (ఉత్తరాలు టైప్ చేసే ప్రోగ్రామ్, విండోస్‌లో విడిగా వేసుకోవాలి) తెరిచి, ఒక్క అక్షరం కొట్టి, అది తెర మీద పడిన క్షణాన ఆపండి. మూడింటిలో సగటు తీయొద్దు, మధ్య అంకె తీసుకోండి. మూడింటిలో ఏదైనా మిగతావాటికి ఐదు సెకన్లకు మించి దూరంగా ఉంటే ఆ విడత మొత్తం మళ్ళీ చేయండి. నోటుబుక్కులో పెన్నుతో రాసి ఫొటో పంపండి. వేగం కొలిచే ప్రోగ్రాములు ఇచ్చే బెంచ్‌మార్క్ స్కోర్ల స్క్రీన్‌షాట్లు పంపకండి, నేను చూడను.

టీచరుగారూ, మీరు ఇవేవీ కొలవనక్కర్లేదు. విండోస్‌ను షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి, మింట్‌లోకి వచ్చి, డి డ్రైవ్‌లో ఒక ఖాళీ ఫైల్ సేవ్ చేసి చూడండి. అయినా కాకపోయినా నాకు మెసేజ్ పెట్టండి, రాత్రి పదకొండయినా పర్వాలేదు. మార్కుల ఫైల్‌ను మాత్రం దానికంటే ముందే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. చదవడానికి ఆ డ్రైవ్ ఇప్పుడు కూడా తెరుచుకుంటుంది.