సీటింగ్ పజిల్ ఎక్కడ తప్పుతోంది: లక్షణం, కారణం, పరిష్కారం

ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చే సీటింగ్ పజిళ్లు ఇప్పుడు ఫోన్‌లో ఆటలుగా చాలానే వచ్చాయి. బస్సు, సినిమా హాలు, పెళ్లి భోజనాలు, ఏ వేషంలో వచ్చినా లోపలి లెక్క ఒక్కటే: కొందరు మనుషులు, వారికి సరిపడా సీట్లు, కొన్ని షరతులు. హనుమకొండలో బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు నేను రీజనింగ్ చెబుతుంటాను కనుక, ఈ ఆటల్లో ఏదో ఒక లెవెల్ దగ్గర చిక్కుకున్నవారు ఫోన్ పట్టుకొని నా దగ్గరకు వస్తుంటారు. వారు ఆగిన చోటును పరిశీలిస్తే దాదాపు ప్రతిసారీ రెండు కారణాల్లో ఒకటి బయటపడుతుంది. "ఇలా ఉండవచ్చు" అన్నదాన్ని "ఇలాగే ఉంది" అని రాసేసుకొని ఉంటారు. లేదా షరతులో ఒక మాటను దాటేసి చదివి ఉంటారు. ఈ రెండూ ఏయే రూపాల్లో కనిపిస్తాయో, ఎలా సరిచేసుకోవాలో కింద చెబుతాను.

ఉదాహరణకు ఒక పజిల్ తీసుకుందాం. పెళ్లిలో ఒక బంతిలో ఆరుగురు ఉత్తరం వైపు ముఖం చేసి వరుసగా కూర్చున్నారు: సారయ్య, స్వరూప, మల్లేశం, కొమురయ్య, లచ్చవ్వ, ఐలయ్య. సారయ్యకు, స్వరూపకు మధ్య సరిగ్గా ఇద్దరు ఉన్నారు. స్వరూపకు కుడివైపు, వెంటనే పక్కన మల్లేశం ఉన్నాడు. కొమురయ్య ఏదో ఒక చివరన ఉన్నాడు. లచ్చవ్వ సారయ్య పక్కన లేదు. ఐలయ్య లచ్చవ్వకు ఎడమవైపు ఎక్కడో ఉన్నాడు. కొమురయ్య, సారయ్య పక్కపక్కన లేరు. ఎడమ నుంచి కుడికి సీట్లకు 1 నుంచి 6 వరకు అంకెలు వేసుకుందాం.

లక్షణం: చివరికి ఇద్దరు మిగులుతారు, వారిని ఎటు మార్చినా కుదరదు

ఎక్కువ మందిని వేధించే లక్షణం ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న రైలులో మా మేనకోడలు ఇలాంటి లెవెల్‌నే ఆడుతుంటే పక్కన కూర్చొని చూశాను. స్వరూపను 1లో పెట్టింది, మల్లేశాన్ని 2లో, మధ్యలో ఇద్దరికి చోటు వదిలి సారయ్యను 4లో, ఆ తర్వాత కొమురయ్యను 6లో పెట్టింది. అప్పటిదాకా ఏ షరతూ తప్పలేదు. మిగిలినవి 3, 5 సీట్లు. మిగిలినవారు ఐలయ్య, లచ్చవ్వ. ఆ రెండు సీట్లూ 4కు ఆనుకొనే ఉన్నాయి కనుక లచ్చవ్వను ఎందులో కూర్చోబెట్టినా సారయ్య పక్కకే వస్తుంది. ఆమె ఆ ఇద్దరినీ అటూ ఇటూ నాలుగైదు సార్లు మార్చి, జనగామ వచ్చేసరికి విసుగెత్తి మొత్తం చెరిపేసి, మళ్లీ స్వరూపను తీసుకెళ్లి 1లోనే పెట్టింది.

తప్పు చివర కనిపించింది కానీ పుట్టింది మొదటి అడుగులోనే. స్వరూప 1లో ఉందని ఏ షరతూ చెప్పలేదు. అది ఒక అవకాశం మాత్రమే. ఆ అవకాశం పక్కన గుర్తు ఏదీ పెట్టుకోకపోవడం వల్ల, చెరిపేశాక కూడా చేయి అదే సీటు మీదికి పోయింది.

పరిష్కారం ఏమిటంటే, మనుషులను విడివిడిగా కూర్చోబెట్టే ముందు షరతులను ఒకదానికొకటి అతికించాలి. మొదటి రెండు షరతుల్లోనూ స్వరూప ఉంది. కాబట్టి ఆ రెంటినీ కలిపితే రెండే ముక్కలు వస్తాయి. సారయ్య ఎడమన ఉంటే "సారయ్య, ఖాళీ, ఖాళీ, స్వరూప, మల్లేశం" అనే ఐదు సీట్ల ముక్క. కుడిన ఉంటే "స్వరూప, మల్లేశం, ఖాళీ, సారయ్య" అనే నాలుగు సీట్ల ముక్క. ఆరు సీట్ల బంతిలో ఐదు సీట్ల ముక్క రెండు చోట్ల పడుతుంది, నాలుగు సీట్ల ముక్క మూడు చోట్ల పడుతుంది. ఆరుగురిని ఇష్టం వచ్చినట్లు కూర్చోబెడితే 720 విధాలు ఉంటాయి. రెండు షరతులను అతికించగానే ఈ ముగ్గురికి మిగిలినవి ఐదే ఐదు అమరికలు. ఒక కాగితం మీద ఐదు వరుసలు గీసి, ఒక్కో అమరికను ఒక్కో వరుసలో రాసుకోండి.

ఇక కొట్టివేత. సారయ్య కుడిన ఉండే మూడు వరుసలను ముందు చూద్దాం. స్వరూప 1లో ఉన్న వరుస ఎందుకు చెడిందో రైలులోనే చూశాం. స్వరూప 2, మల్లేశం 3, సారయ్య 5 అయితే కొమురయ్య 1లోనైనా 6లోనైనా ఉండవచ్చు. 1లో ఉంటే మిగిలిన 4, 6 రెండూ సారయ్యను ఆనుకొని ఉంటాయి. 6లో ఉంటే లచ్చవ్వకు 1 తప్ప దిక్కు లేదు, అప్పుడు ఆమెకు ఎడమవైపు ఐలయ్యకు సీటే ఉండదు. స్వరూప 3, మల్లేశం 4, సారయ్య 6 అయితే కొమురయ్య 1లో ఉండాలి; మిగిలిన 2, 5లలో 5 సారయ్యను ఆనుకొని ఉంది కనుక లచ్చవ్వ 2కు, ఐలయ్య 5కు పోతారు, మళ్లీ ఐలయ్య కుడివైపుకు వచ్చేస్తాడు. ఇలా మూడు వరుసలూ పోయాయి. ఏ వరుసను ఏ షరతు చంపిందో దాని పక్కనే రెండు ముక్కల్లో రాసుకోవడం నేను పిల్లల చేత తప్పనిసరిగా చేయిస్తాను, ఎందుకంటే కారణం రాయని కొట్టివేతను పది నిమిషాల తర్వాత మనమే నమ్మలేక మళ్లీ మొదటి నుంచి చూస్తాం.

సారయ్య ఎడమన ఉండే రెండు వరుసలు మాత్రం నిలుస్తాయి. వాటి సంగతి చివరన చెబుతాను.

లక్షణం: షరతులన్నీ చదివినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు

ఆట ఇచ్చిన వరుసలోనే షరతులను వాడాలనుకోవడం దీనికి కారణం. షరతులను బలాన్ని బట్టి మళ్లీ పేర్చుకోవాలి. "ఫలానా వ్యక్తి 3లో ఉన్నాడు" వంటి కచ్చితమైన మాట ఉంటే దానికి మించింది లేదు. అది లేనప్పుడు, ఒకే పేరు రెండుమూడు షరతుల్లో ఎక్కడ వస్తుందో వెతికి అక్కడ మొదలుపెట్టాలి. కొమురయ్య చివరన ఉన్నాడన్న షరతు మన పజిల్‌లో బలంగా కనిపిస్తుంది, కానీ అతన్ని మిగతావారితో కలిపేది ఒక్క "పక్కన లేరు" అన్న మాటే కనుక అక్కడ మొదలుపెడితే త్వరగా దారి మూసుకుపోతుంది. "లేదు", "కాదు" అనే షరతులను మొదట వాడకూడదు. అవకాశాలు నాలుగైదుకు తగ్గాక మాత్రం వాటి పదును అసాధారణం.

మధ్యలో ఆగిపోతే ప్రశ్నను తిప్పి అడగండి. "లచ్చవ్వ ఎక్కడ కూర్చుంటుంది" అని ఆలోచిస్తూ ఆగిపోయినవారు "ఈ సీటులో ఎవరు కూర్చోగలరు" అని ఒక్కో సీటును అడిగితే, ఒకే ఒక్కరికి వీలున్న సీటు చాలాసార్లు బయటపడుతుంది.

లక్షణం: అంతా సరిగ్గానే ఉన్నా అమరిక ఒక్క సీటు పక్కకు జరిగినట్లు వస్తుంది

కారణం లెక్కపెట్టే తీరు. "సారయ్యకు కుడివైపు మూడో వ్యక్తి స్వరూప" అంటే మధ్యలో ఇద్దరే ఉంటారు. "ఇద్దరి మధ్య ముగ్గురు" అంటే అంతకంటే ఒక సీటు దూరం. ప్రతి షరతునూ సీటు అంకెల తేడాగా మార్చి రాసుకుంటే ఈ పొరపాటు పోతుంది: వెంటనే పక్కన అంటే తేడా 1, మధ్యలో ఇద్దరంటే 3, మధ్యలో ముగ్గురంటే 4. "ఎడమవైపు ఎక్కడో" అంటే అంకె చిన్నదని మాత్రమే అర్థం, ఎంత చిన్నదో తెలియదు. "ఇద్దరి మధ్య ఉంది" అన్నంత మాత్రాన ఇద్దరికీ ఆనుకొని ఉందని అనుకోకూడదు.

"పక్కన" అనే మాట దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బస్సు, సినిమా హాలు లెవెళ్లలో నడిచే దారికి అవతలి సీటు పక్క సీటు అవుతుందా, ముందు వెనక సీట్లు లెక్కలోకి వస్తాయా అన్నది ఒక్కో ఆటలో ఒక్కో విధంగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురే ఉండే మొదటి లెవెల్‌కు వెళ్లి, ఇద్దరిని కావాలని దారికి అటూ ఇటూ కూర్చోబెట్టి ఆట ఏమంటుందో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

లక్షణం: కుడి ఎడమలు తారుమారవుతాయి

వరుస అంతా ఉత్తరం వైపు చూస్తున్నప్పుడు వారి కుడి, స్క్రీన్ మీద మన కుడి ఒక్కటే. రెండు బంతులు ఎదురెదురుగా ఉన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. పెళ్లిలో రెండు బంతుల మధ్య నిలబడి వడ్డించినవారికి ఇది అనుభవమే: ఇటు బంతిలో కుడిచేతి వైపు సాగుతున్న వడ్డన, అటు బంతిలోవారికి ఎడమచేతి వైపు సాగుతుంది. స్క్రీన్ మీద పై వరుస కిందికి, అంటే దక్షిణం వైపు చూస్తుంటే, వారి ఎడమ మనకు కుడిన ఉంటుంది. ఆటలో ఆడేటప్పుడు పై వరుస వంతు రాగానే కాగితాన్ని తలకిందులుగా తిప్పండి. మనసులో తిప్పుకుందామనుకుంటే మూడో షరతుకల్లా మరచిపోతారు.

గుండ్రటి బల్ల దగ్గర ఇది ఇంకా కష్టం. ఇక్కడివారికి నేను రెండు విషయాలు గుర్తు చేస్తాను. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు మధ్యకు ముఖం చేసి నిలబడి ఉన్నప్పుడు, వలయంలో మనకు ఎదురుగా ఉన్న ఆమె కుడిచేయి మన ఎడమ వైపు ఉంటుంది. రెండోది, గర్భగుడికి ముఖం చేసి నిలబడినవారు ప్రదక్షిణకు బయలుదేరేది ఎడమ వైపే. కాబట్టి మధ్యకు ముఖం చేసినవారికి ఎడమ అంటే ప్రదక్షిణ దిశ, అంటే గడియారం ముల్లు తిరిగే దిశ. కుడి అంటే దానికి వ్యతిరేక దిశ. బయటికి ముఖం చేసి కూర్చున్నవారికి రెండూ తారుమారవుతాయి. కొందరు లోపలికి, కొందరు బయటికి చూసే లెవెళ్లలో ప్రతి పేరు పక్కన ముఖం ఎటో చూపే చిన్న బాణం గీయకుండా ముందుకు పోవద్దు.

వలయంలో మరో మెలిక ఉంది. అందరూ కలిసి ఒక్కో సీటు జరిగినా అమరిక మారదు, కనుక మొదటి వ్యక్తిని ఎక్కడైనా ధైర్యంగా కూర్చోబెట్టవచ్చు. ఎనిమిది మందికి వరుసలో 40,320 అమరికలుంటే వలయంలో 5,040 మాత్రమే ఉండటానికి కారణం ఇదే. అయితే ఒక సీటుకు తలుపు పక్కదనో కిటికీ పక్కదనో గుర్తు ఉంటే ఈ స్వేచ్ఛ పోతుంది. ఎనిమిది మంది వలయంలో ఇద్దరి మధ్య ఒకవైపు ఇద్దరుంటే రెండోవైపు నలుగురుంటారు. ఆరుగురి వలయంలో "మధ్య ఇద్దరు" అన్నా "ఎదురుగా" అన్నా ఒక్కటే. బేసి సంఖ్యలో మనుషులుంటే సరిగ్గా ఎదురు సీటు అనేది ఉండదు.

లక్షణం: కోరికల ఆటల్లో ఒకరిని సంతోషపెడితే ఇద్దరు అలుగుతారు

షరతులకు బదులు ప్రతి పాత్రకూ ఇష్టాయిష్టాలుండే ఆటల్లో ఇలా జరుగుతుంది. కిటికీ కావాలనేవారిని, నిద్రపోవాలనేవారిని ముందు కూర్చోబెట్టడం దీనికి కారణం. పక్కవారిని ఇబ్బంది పెట్టే పాత్రను, అంటే గట్టిగా పాటలు పెట్టేవారిని, ఘాటైన అత్తరు పూసుకున్నవారిని మొదట మూలకు పంపండి. మూల సీటుకు పొరుగులు తక్కువ కనుక నష్టం తక్కువ మందికి. ఆ తర్వాత వారి పక్కన ఏ అభ్యంతరమూ లేనివారిని కంచెలాగా కూర్చోబెట్టి, కోరికలు ఎక్కువున్నవారికి మిగిలిన చోట్లు చూడండి. ఏ కోరికా లేని పాత్రను తొందరపడి వాడేయకుండా చివరిదాకా చేతిలో ఉంచుకోవాలి.

చిన్న స్క్రీన్ మీద వేలు జారి పక్క సీటులో పడటం కూడా ఉంటుంది. పెద్ద లెవెళ్లలో కాగితం మీద తేల్చుకున్నాకే స్క్రీన్‌ను తాకండి.

లక్షణం: షరతులన్నీ సరిపోయాయనిపిస్తుంది, ఆట మాత్రం తప్పంటుంది

ఆటలో లోపం ఉందని అనుకునే ముందు మన పజిల్‌లో మిగిలిన రెండు వరుసలను చూడండి. మొదటిది సారయ్య, ఐలయ్య, లచ్చవ్వ, స్వరూప, మల్లేశం, కొమురయ్య. రెండోది కొమురయ్య, సారయ్య, ఐలయ్య, లచ్చవ్వ, స్వరూప, మల్లేశం. మొదటి ఐదు షరతులకూ రెండూ నిలుస్తాయి. రెండో వరుసతో ఆగినవారు ఐదు షరతులను సరిచూసుకొని, వాడిన గుర్తే లేని ఆరో షరతును వదిలేసి ఉంటారు. అందులో కొమురయ్య, సారయ్య పక్కపక్కనే ఉన్నారు కనుక అది పోతుంది, మొదటిదే జవాబు.

ఇలాంటి పజిళ్లను సాధారణంగా ఒకే జవాబు వచ్చేలా తయారు చేస్తారు కనుక, రెండు జవాబులు మిగిలాయంటే ఎక్కడో ఒక షరతు వాడకుండా ఉండిపోయిందని అర్థం. వాడిన ప్రతి షరతు పక్కన టిక్కు పెట్టుకుంటే అది ఏదో వెంటనే కనిపిస్తుంది. సరిచూసేటప్పుడు చివరి షరతు నుంచి మొదటి షరతుకు వెనక్కి చదవండి. మొదటి షరతులను అమరిక కట్టేటప్పుడు ఎలాగూ పదిసార్లు చూసి ఉంటారు, చివరివే కన్ను దాటిపోతాయి. బ్యాంకు పరీక్షలో ఒకే పజిల్ మీద వరుసగా నాలుగైదు ప్రశ్నలు రావచ్చు, తప్పు జవాబుకు పావు వంతు మార్కు పోతుంది. అందుకే ఈ సరిచూపుకు ఒక అర నిమిషం విడిగా పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను. మా మేనకోడలు ఇప్పుడు స్క్రీన్ మీద జవాబు పెట్టేముందు టిక్కులు లెక్కపెడుతోంది: ఆరు షరతులకు ఆరు టిక్కులు.