సంక్రాంతికి ఇంటి రిపేరు, పొద్దున్నే సైకిలు: నెల్లూరు వాళ్లకి జాగ్రత్తలు

డిసెంబరు సగం దాటేదాకా మిద్దె పైపూత పగలగొట్టించొద్దు. మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. వాయుగుండం పట్టిందంటే శ్లాబులోంచి దిగిన నీళ్లు కరెంటు పైపుల్లోకి పోతాయి. అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే.

గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. చెమ్మ తగిలితే పెయింటింగ్ ఆపండి, పొక్కులు లేస్తుంది.

కొత్త ప్లాస్టరింగుని కనీసం 7 రోజులు తడపాలి. మైపాడు బీచికి తొక్కే రోజైతే బయల్దేరే ముందే తడిపేయండి.

బాత్రూం వాలు వేసే రోజు సైకిలు వద్దు, మేస్త్రీ పక్కనే ఉండండి. ఒక చెంబు నీళ్లు పోసి, జాలీ వైపు పారాకే టైల్స్ వేయనివ్వండి.

సైకిలుకి దుప్పటి కప్పండి. సిమెంటు దుమ్ము చైను నూనెలో కలిసి పళ్లు అరగదీస్తుంది.

పొగమంచులో వెనక ఎర్రలైటు తప్పనిసరి.