ముసుగు ఖాతా నుంచి బెదిరింపు వస్తే

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఉన్న అమ్మాయికి అర్ధరాత్రి ముక్కూమొహం తెలియని ఖాతా నుంచి "నీ ఫొటోలు మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతా" అన్న సందేశం వచ్చినప్పుడు, భయపడి దాన్ని చెరిపేయడమే అసలు పొరపాటు. బ్లాక్ చేయకముందే ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ ఫోన్‌ను రీసెట్ చేయకుండా దాచి ఉంచాలి. ఎందుకంటే ఖాతా తెరిచిన ఫోన్ నంబరు, ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) వివరాల కోసం పోలీసులు ఆ ఖాతా ఉన్న యాప్ సంస్థకు రాసేటప్పుడు ఈ వివరాలే ఆధారమవుతాయి. కోపంలో తిరిగి తిట్టవద్దు, ఆ తిట్లు అవతలివాడి చేతికి అందివస్తాయి.

వేధించేవాడు ఎక్కడివాడో తెలియకపోయినా దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు; పరిధి కాదన్న కారణంతో తిప్పి పంపకుండా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని, తర్వాత సరైన స్టేషన్‌కు పంపే ఎఫ్‌ఐఆర్) నమోదు చేయాలి. డబ్బు గుంజి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 351(4) సెక్షన్ ప్రకారం పేరు దాచుకుని బెదిరించినందుకు, బెదిరింపుకు పడే శిక్షకు అదనంగా 2 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. స్త్రీని ఆన్‌లైన్‌లో వెంటాడితే 78వ సెక్షన్ కింద మొదటిసారికే 3 ఏళ్ల వరకు ఉంటుంది. కొందరు ఇప్పటికీ ఫిర్యాదులో రాసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.