వడగళ్ల వానకి రూఫ్ పాడైతే: కాంట్రాక్టర్‌ సాయంతో ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా చేసుకోవాలి?

మార్చి నుంచి జూన్ దాకా డాలస్ చుట్టుపక్కల వడగళ్ల సీజన్. ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ, ప్లేనోల్లో ఉండే మనవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 2016 ఏప్రిల్ 11న వైలీలో సాఫ్ట్‌బాల్ సైజు వడగళ్లు పడి రూఫులకే చిల్లులు పడ్డాయి. అంత పెద్ద వానైతే ఎవరి సలహాతోనూ పని లేదు, నష్టం రోడ్డు మీద నుంచే కనబడుతుంది. చిక్కంతా అంగుళం, అంగుళంన్నర వడగళ్లతోనే. కింద నిలబడి చూస్తే రూఫ్ నిక్షేపంలా ఉంటుంది. పైన షింగిల్ (రూఫ్ మీద పరిచే తారు పలక) లోపలి పొర మాత్రం చితికిపోయి, రెండేళ్ల తర్వాత సీలింగ్ మీద మరకై బయటపడుతుంది.

నేను రూఫింగ్ ఎస్టిమేట్లు వేస్తాను. వాన వెలిసిన మర్నాడే వాట్సాప్ గ్రూపుల్లో "ఫ్రీ రూఫ్ వస్తుందట" అని మొదలవుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. క్లెయిమ్ మీది. రిపేరు కాంట్రాక్టర్‌ది. పాలసీ దేనికి వర్తిస్తుందో తేల్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఈ మూడూ కలగాపులగం చేసుకున్న ఇంట్లోనే పని చెడుతుంది.

దగ్గర ఉండాల్సినవి

పాలసీ డిక్లరేషన్ పేజీ (కవరేజి వివరాలన్నీ క్లుప్తంగా ఉండే పేజీ), వాన పడిన తేదీ, ఫోన్లో ఫోటోలు. వడగళ్లు కరగకముందే పక్కన టేపు పెట్టి ఒక ఫోటో తీసుకోండి. డిక్లరేషన్ పేజీలో రెండు విషయాలు చూడాలి. విండ్ అండ్ హెయిల్ డిడక్టిబుల్ (గాలి, వడగళ్ల నష్టంలో మీ జేబులోంచి పోయే వాటా) ఎంత, రూఫ్‌కి పూర్తి ఖరీదు ఇస్తారా లేక రూఫ్ వయసుని బట్టి తగ్గించి ఇస్తారా. ఈ డిడక్టిబుల్ ఇక్కడ చాలా పాలసీల్లో ఇంటి కవరేజి మీద ఒక శాతమో రెండు శాతమో ఉంటుంది. ఆరు లక్షల డాలర్ల కవరేజికి రెండు శాతం అంటే 12,000 డాలర్లు. చాలామందికి ఈ అంకె క్లెయిమ్ వేశాకే తెలుస్తుంది.

రూఫ్ చూపించడం

క్లెయిమ్ వేయకముందే కాంట్రాక్టర్‌ని పిలిచి రూఫ్ చూపించండి. రిపేరు ఖర్చు డిడక్టిబుల్ దాటదనిపిస్తే క్లెయిమే వద్దు. డబ్బు రాని క్లెయిమ్ కూడా రికార్డులో ఉండిపోతుంది.

టెక్సాస్‌లో రూఫింగ్‌కి స్టేట్ లైసెన్స్ అంటూ లేదు. ట్రక్కు, నిచ్చెన ఉన్న ఎవడైనా రూఫరే. అందుకే ఊళ్లో ఆఫీసు ఉన్నవాణ్ణే పిలవాలి. వాన వెంట ఊళ్లు మారుతూ తిరిగేవాడికి వారంటీ ఇచ్చే ఉద్దేశం ఉండదు. లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం అడగండి, దాని మీద ఏజెంట్ నంబరుకి మీరే ఫోన్ చేయండి.

రూఫ్ ఎక్కని కాంట్రాక్టర్ వద్దు. డ్రోన్ ఎగరేసి, ఐప్యాడ్ మీద ఎర్ర చుక్కలు చూపించే పద్ధతి ఈమధ్య ఎక్కువైంది. డ్రోన్ కొలతలకి పనికొస్తుంది, దెబ్బ చూడ్డానికి కాదు. వడగళ్ల దెబ్బ చేతికి తెలియాలి. షింగిల్ మీద గుండ్రంగా రాళ్లపొడి రాలిపోయిన చోట బొటనవేలితో నొక్కితే మగ్గిన మామిడిపండులా లోపలికి దిగుతుంది. ఎండకి లేచిన బుడగ, చెప్పు రాపిడి అలా దిగవు. ఈ తేడా ఏ కెమెరాకీ అందదు. వెంట్ల మూతలు, గట్టర్లు, ఏసీ యూనిట్ రెక్కల మీద సొట్టలు కూడా ఫోటో తీయాలి. రేకు అబద్ధం చెప్పదు. మీరు మాత్రం నిచ్చెన ఎక్కకండి.

చూసినందుకే సంతకం అడిగితే ఆ కాగితం పూర్తిగా చదవండి. "ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే పని మాకే ఇవ్వాలి" అని అందులో రాసి ఉండవచ్చు. అది తప్పేమీ కాదు, కానీ ఏం సంతకం చేశారో తెలిసి ఉండాలి. రద్దు చేసుకునే గడువు ఎంతో కూడా అందులోనే వెతకండి.

క్లెయిమ్ వేయడం

మీరే ఫోన్ చేయండి, లేదా యాప్‌లో వేయండి. పది నిమిషాల పని. వాన తేదీ, చూసిన నష్టం చెప్పి క్లెయిమ్ నంబరు రాసుకోండి. టెక్సాస్ చట్టం ప్రకారం మామూలుగా కంపెనీ 15 రోజుల్లోపు మీ క్లెయిమ్ అందిందని చెప్పి విచారణ మొదలుపెట్టాలి. అడిగిన కాగితాలన్నీ చేరాక 15 పని దినాల్లో అవునో కాదో తేల్చాలి.

"మీ తరఫున మేమే కంపెనీతో బేరమాడతాం, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడంటే ఆ కాంట్రాక్టర్‌ని గుమ్మం దగ్గరి నుంచే పంపేయండి. ఇంటాయన తరఫున క్లెయిమ్ బేరమాడాలంటే టెక్సాస్‌లో పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్స్ కావాలి. ఆ లైసెన్స్ ఉన్నా సరే, తను రిపేరు చేసే ఇంటికి తనే అడ్జస్టర్‌గా ఉండకూడదు. 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు కూడా ఈ చట్టాన్ని నిలబెట్టింది. కాంట్రాక్టర్ నష్టం ఎక్కడుందో చూపించవచ్చు, తన పనికి ఎంతవుతుందో, ఎందుకవుతుందో వివరించవచ్చు. "మీ పాలసీలో ఇది కవర్ అవుతుంది, ఇవ్వండి" అని వాదించకూడదు.

అడ్జస్టర్ వచ్చే రోజు

నష్టం చూడ్డానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషే ఈ అడ్జస్టర్. ఆయన వచ్చేసరికి కాంట్రాక్టర్ అక్కడ ఉండేలా టైము కుదుర్చుకోండి. పొద్దున పదిలోపే పెట్టించండి. ఏటవాలు ఎండలో దెబ్బలు బాగా కనబడతాయి, మధ్యాహ్నం అయితే కాలే రూఫ్ మీద ఎవరైనా తొందరపడతారు. ప్రతి వాలు మీదా పదడుగుల చదరం గీసి అందులో దెబ్బలు లెక్కపెడతారు. చాక్‌పీస్ పసుపుదో నీలందో అయి ఉండాలి. తెల్లది ఫోటోలో ఆనదు. మీరు కింద ఉండి అడిగినదానికి తెలిసింది చెప్పండి, తెలియనిది ఊహించి చెప్పకండి.

ఎస్టిమేట్ చదవడం: అసలు కష్టం ఇక్కడే

కొన్ని రోజులకి కంపెనీ నుంచి ఎస్టిమేట్, దానితో ఒక చెక్కు వస్తాయి. చెక్కు చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. ఉదాహరణకి కొత్త రూఫ్ పూర్తి ఖరీదు 24,000 డాలర్లు అని రాశారనుకుందాం. పాత రూఫ్ వయసు లెక్కేసి డిప్రిసియేషన్ 7,000 తీశారు. మిగిలింది 17,000. అందులో మీ డిడక్టిబుల్ 12,000 పోతే చెక్కు 5,000. "24 వేల పనికి 5 వేలా" అని ఫోన్లు వచ్చేది ఇక్కడే. మోసం ఏమీ జరగలేదు. పూర్తి ఖరీదు ఇచ్చే పాలసీ అయితే, పని పూర్తిచేసి బిల్లు పంపాక ఆ 7,000 కూడా వస్తుంది. వయసుని బట్టి తగ్గించి ఇచ్చే పాలసీ అయితే రాదు. డిక్లరేషన్ పేజీ ముందే చూడమన్నది ఇందుకే.

చెక్కు పక్కన పెట్టి ఎస్టిమేట్‌లో ఒక్కో లైనూ చదవండి. దీన్ని ఎక్కువగా ఎక్సాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తారు. రూఫ్ కొలత స్క్వేర్లలో ఉంటుంది, ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. మంచి కాంట్రాక్టర్‌కీ మామూలు కాంట్రాక్టర్‌కీ తేడా తెలిసేది ఈ కాగితం దగ్గరే. మామూలువాడు కింద ఉన్న మొత్తం చూసి "సరిపోదండీ" అంటాడు. మంచివాడు తన కొలతల రిపోర్టు పక్కన పెట్టుకుని, ఏ లైను లేదో, ఏ లైనులో కొలత తక్కువ పడిందో పెన్నుతో టిక్కు పెడతాడు.

తరచూ తప్పిపోయేవి ఇవి. అంచున మొదటి వరసగా వేసే స్టార్టర్, శిఖరం మీద వేసే రిడ్జ్ క్యాప్ రెండూ మామూలు షింగిల్స్‌లో కలిసిపోయాయని వదిలేస్తారు. వాలు ఎక్కువుంటే కూలి పెరుగుతుంది. 12 అంగుళాల నిడివికి 7 అంగుళాలు లేస్తే అది స్టీప్ రూఫ్, దానికి విడిగా లైను ఉంటుంది, 10కి చేరితే ఇంకో రేటు. మన ఇళ్లు చాలావరకు రెండంతస్తులు, దానికీ ఇంకో లైను. మూలలు, మలుపులు ఎక్కువున్న రూఫ్‌కి కోతలో వృథా ఎక్కువ, 10 శాతం వేసిన చోట 15 పడుతుంది. పైపుల చుట్టూ నీళ్లు కారకుండా వేసే బూట్లు, గోడ పక్కన వేసే ఫ్లాషింగ్ రేకు, సిటీ పర్మిట్ ఫీజు చూసుకోండి. సోలార్ ప్యానెళ్లు ఉంటే వాటిని దించి మళ్లీ పెట్టే ఖర్చు రూఫ్ ఖర్చుతో పోటీపడుతుంది. ఆ లైను లేకుండా పని మొదలుపెట్టకండి.

ఇంకొకటి డ్రిప్ ఎడ్జ్, అంటే రూఫ్ అంచుకి కొట్టే రేకు. పాత ఇళ్లలో ఉండదు. లేనిదానికి డబ్బెందుకని కంపెనీ అంటుంది. కానీ 2012 నుంచి అంతర్జాతీయ రెసిడెన్షియల్ కోడ్ షింగిల్ రూఫ్ అంచులకి అది తప్పనిసరి అంటోంది. మీ సిటీ ఆ కోడ్‌నే అమలు చేస్తుంటే, పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజి (కోడ్ ప్రకారం చేయడానికయ్యే అదనపు ఖర్చుకి కవరేజి) ఉంటే, ఆ ఖర్చు అడగవచ్చు. కోడ్‌లో ఏ సెక్షనో కాంట్రాక్టర్ రాసివ్వాలి. "అందరూ వేస్తారండీ" అంటే కంపెనీ వినదు.

ఇలా తేలిన తేడాలన్నీ ఒక్క కాగితంగా పంపడాన్ని సప్లిమెంట్ అంటారు. ప్రతి లైనుకీ ఫోటో, కొలత, కారణం ఉండాలి. పాత షింగిల్స్ పీకేముందే పంపాలి. పీకాక కింద చెక్క కుళ్లి కనిపిస్తే పని ఆపి, టేపు పెట్టి ఫోటో తీసి, మార్చకముందే తెలియజేయాలి. చెత్తబండిలో వేసేసిన చెక్కకి ఎవరూ డబ్బివ్వరు. సప్లిమెంట్ వెళ్లే ప్రతి ఈమెయిల్లో మీ పేరు కూడా ఉండాలి. మీ క్లెయిమ్ మీద మీకు తెలియకుండా ఉత్తరాలు నడవకూడదు.

ఇక డిడక్టిబుల్ సంగతి. "మేం సర్దేస్తాం" అనే కాంట్రాక్టర్ ఆ డబ్బు జేబులోంచి పెట్టడు. చేయని పనికి లైను రాస్తాడు, లేదా పలచటి సరుకు వేస్తాడు. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో డిడక్టిబుల్ మాఫీ చేస్తానని ఆశపెట్టడం క్లాస్ బి నేరం. 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. డిడక్టిబుల్ కట్టడం ఇంటాయన బాధ్యత అని కూడా చట్టం చెబుతోంది. డిప్రిసియేషన్ డబ్బు ఇచ్చే ముందు "కట్టినట్టు రుజువు చూపించండి" అని కంపెనీ అడగవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఒకేసారి కట్టలేకపోతే కాంట్రాక్టర్‌తో వాయిదాల ఒప్పందం రాసుకోండి, దాన్ని రుజువుగా చూపించవచ్చు.

పని, చివరి చెక్కు

మామూలు ఇల్లైతే పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ముందే మొత్తం డబ్బు ఇవ్వకండి. కార్లు గరాజ్‌లోంచి తీసి వీధిలో పెట్టండి. సాయంత్రం లాన్ మీద అయస్కాంతం తిప్పి మేకులు ఏరించండి, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.

చెక్కు మీద మీ పేరుతోపాటు మార్ట్‌గేజ్ కంపెనీ పేరు కూడా ఉంటే బ్యాంకు నేరుగా తీసుకోదు. వాళ్ల సంతకానికి వారాలు పట్టవచ్చు, చెక్కు రాగానే ఫోన్ చేసి ఏం పంపాలో కనుక్కోండి. పని అయ్యాక కాంట్రాక్టర్ ఫైనల్ బిల్లు, పూర్తయినట్టు సర్టిఫికెట్, ఫోటోలు కంపెనీకి పంపితే డిప్రిసియేషన్ చెక్కు వస్తుంది. దానికి గడువుంటుంది, పాలసీలో చూసుకోండి.

కొత్త రూఫ్‌కి క్లాస్ 4 (దెబ్బ తట్టుకునే పరీక్షలో అన్నిటికన్నా పై గ్రేడు) షింగిల్సే వేయించండి. వడగళ్లని బాగా తట్టుకుంటాయి, చాలా కంపెనీలు ప్రీమియం కూడా తగ్గిస్తాయి. ఆ తగ్గింపుకి కాంట్రాక్టర్ సంతకం చేసిన ఫారం ఏజెంట్‌కి చేరాలి. ఆ తగ్గింపుతోపాటు కాస్మెటిక్ డ్యామేజ్‌కి (చూపుకే తప్ప రూఫ్ పనితీరుకి అడ్డురాని సొట్టల్లాంటివాటికి) డబ్బు ఇవ్వబోమనే షరతు ఏమైనా చేర్చారేమో ఏజెంట్‌ని అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.