అక్టోబర్ రాకముందే: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

అక్టోబర్ దగ్గర పడుతోంది. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమని పిలిచే అక్టోబర్ నెల కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్. దాని పేరు విని, అలాంటి ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో మొదటిసారి ఖాతా తెరిచే పిల్లలు కానూరు, వడ్డేశ్వరం, వడ్లమూడి కాలేజీల్లో ఏటా ఉంటారు. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు చిన్న ప్రాజెక్టుగా బతుకుతున్న విజయవాడ, గుంటూరు మెయింటెయినర్లకు, అంటే ఈ ప్రాజెక్టులు చూసుకునేవాళ్లకు, ఏడాది మొత్తంలో బరువైన నెల ఇదే. సెప్టెంబర్‌లో ఒకటి రెండు ఆదివారాలు దీనికి కేటాయించండి.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2014లో డిజిటల్‌ఓషన్ సంస్థ మొదలుపెట్టిన ఈ కార్యక్రమం 2020కి వచ్చేసరికి అదుపు తప్పింది. ఉచిత టీషర్టు కోసం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట మార్చి పంపేసిన పుల్ రిక్వెస్టులు, అంటే ‘నా మార్పు కలుపుకోండి’ అన్న అభ్యర్థనలు, కుప్పలుగా పడ్డాయి. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ వెబ్ ప్రాజెక్టుకూ ఇలాంటిదే జరిగింది. ఒక వీడియో పాఠం చూసి నేర్చుకుంటున్నవాళ్లు దాని రీడ్‌మీలో తమ పేర్లు చేరుస్తూ పుల్ రిక్వెస్టులు పంపారు. ఇవన్నీ చూసి తలుపులు మూసుకున్న మెయింటెయినర్లు చాలామంది. వాళ్ల అలసట నాకు అర్థమవుతుంది, కానీ ఆ దారి సరైందని అనుకోను. చెత్త ఊడ్చే ఊపులో, నిజంగా నేర్చుకోవాలని వచ్చిన అమ్మాయో అబ్బాయో కూడా కొట్టుకుపోతారు. వాళ్లు ఫిర్యాదు చేయరు, మళ్లీ రారంతే. మనం జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా అక్కడ.

ముందుగా మీ ప్రాజెక్టును మీ మెషీన్ మీద కాకుండా వాళ్ల మెషీన్ మీద నడిపి చూడండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి అరువు తెచ్చుకోండి, ఇంటి వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి, రీడ్‌మీలో రాసింది రాసినట్టు చేయండి. ఎక్కడ ఆగిపోతారో మీకే తెలుస్తుంది. మొదటి గొడవ క్లోన్ దగ్గరే, అంటే కోడ్‌ను తమ మెషీన్‌లోకి దింపుకునేటప్పుడే రావచ్చు. పాత చరిత్రంతా దిగకుండా చివరి కమిట్ (నమోదైన మార్పు) మాత్రమే తెచ్చుకునే షాలో క్లోన్ పద్ధతిని రీడ్‌మీలో పైనే రాసి పెడితే డేటా ప్యాక్ మిగులుతుంది. రెండోది పుష్ దగ్గర, అంటే మార్చిన కోడ్‌ను గిట్‌హబ్‌కు ఎక్కించేటప్పుడు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. దాని బదులు గిట్‌హబ్‌లో తయారుచేసుకునే టోకెనో, మెషీన్‌లో ఉండే ఎస్‌ఎస్‌హెచ్ కీనో ఉండాలి. పాత పాఠాలు చూసి వచ్చినవాళ్లు సరైన పాస్‌వర్డే కొట్టి, తప్పంటోందని రాత్రంతా కూర్చుంటారు. మీరు రాసే రెండు వాక్యాలతో ఆ రాత్రి తప్పుతుంది. మూడోది, ఫైల్లో ఒక్కో వరుస ఎక్కడ ముగుస్తుందో చెప్పే వరుస చివరి గుర్తులు. విండోస్‌వి వేరు, లినక్స్‌వి వేరు. వీటిని ఒకే తీరుగా ఉంచే గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు లేకపోతే ఒక్క వరుస మార్చిన పిల్లాడి పుల్ రిక్వెస్టులో ఫైలు మొత్తం మారినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అది చూసి స్పామ్ అనుకుని మూసేస్తే పాపం మనదే.

ఇక ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ లేబుల్. చేయాల్సిన పనిని రాసిపెట్టే ఇష్యూల్లో కొత్తవాళ్లకు అనువైనవాటికి తగిలించేది ఇది. దీన్ని ఒక్క వాక్యం రాసి తగిలించి వదిలేయకండి. ‘పేర్ల జాబితాలో బగ్ ఉంది, సరిచేయాలి’ అంటే కొత్తవాళ్లకు ఏం తెలుస్తుంది? ఇలా రాసి చూడండి: ‘జాబితాలో పేరు పొడవైతే 20 సంకేతాల దగ్గర కోస్తున్నాం, అక్కడ వత్తు తెగిపోతోంది. క్షి మన కంటికి ఒక్కటే, యూనికోడ్‌లో మాత్రం క, పొల్లు, ష, గుడి అని నాలుగు సంకేతాలు. పైథాన్‌లో పొడవు అడిగితే 4 అంటుంది. కోసేది ఫలానా ఫైల్లోని ఫలానా ఫంక్షన్. సంకేతాలను కాకుండా గ్రాఫీమ్ క్లస్టర్లను (కంటికి ఒక్క అక్షరంగా కనిపించేవాటిని) లెక్కపెట్టి కోయాలి. క్షి, స్త్రీ, జ్ఞా ఉన్న పేర్లతో ఒక టెస్టు రాయండి.’ ఇంత రాసేలోపు మీరే సరిచేసేయొచ్చు, నిజమే. ఆ పని చేయకండి. తెలుగు చదవడం వచ్చిన విద్యార్థికి ఈ బగ్ చూడగానే కనిపిస్తుంది. తనకు తెలిసిన విషయం ప్రాజెక్టుకు అవసరమని తెలిసినప్పుడు వచ్చే ధైర్యం వేరు. నెల మొదలయ్యేసరికి ఇలాంటివి అరడజను సిద్ధంగా ఉంటే చాలు. పాతికేసి పెట్టి ఏ ఒక్కదానికీ జవాబివ్వలేకపోవడం కన్నా అదే నయం. తీసుకున్నవాళ్లు వారం దాకా కదలకపోతే ఇంకొకరికి ఇస్తామని ముందే రాసి ఉంచండి, అప్పుడు ఎవరికీ మనసు కష్టం కలగదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మన మౌనం. పంపిన కోడ్ మీద 48 గంటల్లో రివ్యూ అందుకున్నవాళ్లు మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల అధ్యయనంలో తేలింది. పూర్తి రివ్యూ కుదరకపోయినా ‘చూశాను, ఆదివారం వివరంగా రాస్తాను’ అన్న ఒక్క మాట పెట్టండి. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. దసరా ఈ రోజుల్లోనే వస్తుంది. సెలవులకు ఇంటికెళ్లిన పిల్లలు తీరిక దొరికి పుల్ రిక్వెస్టులు పంపుతారు, అదే వారం మనం బంధువుల మధ్య ఉంటాం. ఏ రోజు ఎవరు చూస్తారో ఇద్దరు ముగ్గురు ముందే పంచుకోండి. ఒక్కరే ఉంటే ఫలానా తేదీల్లో జవాబు ఆలస్యమవుతుందని రీడ్‌మీ నెత్తిన రాయండి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మొదటిసారి పంపేవాళ్ల పుల్ రిక్వెస్టు మీద టెస్టులు వాటంతటవే నడవవు. ఉచిత సర్వర్లను క్రిప్టో మైనింగ్‌కు వాడుకోవడం ఎక్కువయ్యాక, 2021 నుంచి, ఈ టెస్టులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మెయింటెయినర్ అనుమతి బటన్ నొక్కాలి. మీరు నొక్కేదాకా అవతల పిల్లాడు తన కోడే ఆగిపోయిందనుకుంటాడు. మార్పులు ఒకసారి చూసుకుని రోజూ ఆ బటన్లు నొక్కండి.

మాట తీరు గురించీ చెప్పాలి. ‘సర్, ప్లీజ్ అసైన్ మీ’ అని రాస్తే విసుక్కోకండి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవని ఇళ్ల నుంచి వచ్చారు, అది వాళ్ల మర్యాద. ‘పేరుతో పిలవచ్చమ్మా, ముందు కోడ్ నడిపి చూసి ఏం కనిపించిందో ఇక్కడే రాయి’ అంటే సరిపోతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి, కింద ఇంగ్లీషులో ఒక వరుస రాస్తే మిగతావాళ్లకూ అందుతుంది. వాట్సాప్‌లో విడిగా అడిగితే జవాబిచ్చి, అదే ప్రశ్నను ఇష్యూలో పెట్టమనండి. నలుగురిలో అడగడం తప్పు కాదని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

అమ్మాయిల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. కోడ్‌లో పేరు కనిపించగానే వాళ్లకు సంబంధం లేని మెసేజ్‌లు రావచ్చు. ప్రవర్తనా నియమావళికి 2014 నుంచి ఉన్న కాంట్రిబ్యూటర్ కోవెనెంట్ అనే సిద్ధ నమూనా తీసుకోండి, కానీ అందులో ఫిర్యాదు ఈమెయిల్ జాగా ఖాళీగా వదిలేస్తే అది కాగితమే. నిజంగా చదివే మనిషి ఉండాలి, కుదిరితే అందులో ఒకరు మహిళ కావాలి. కమిట్లలో సొంత ఈమెయిల్ కనబడకుండా గిట్‌హబ్ ఇచ్చే నో-రిప్లై చిరునామా వాడమని అందరికీ చెప్పండి.

చెత్త వస్తుంది, దాచి లాభం లేదు. చదవకుండా ఏఐ రాసిచ్చింది అతికించినవీ ఉంటాయి. అనుమానం వస్తే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ వరుస ఎందుకు మార్చావు?’ తడబడుతూ అయినా జవాబిచ్చేవాళ్లు మనకు కావాల్సినవాళ్లు. జవాబే రాకపోతే కోపం లేకుండా మూసేయండి. ‘స్పామ్’ లేబుల్ పెట్టే ముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి. తట్టుకోలేనంత వరద వస్తే గిట్‌హబ్‌లో ఎవరెవరు రాయగలరో, పంపగలరో కట్టడి చేసే ఇంటరాక్షన్ పరిమితి ఉంది, 24 గంటల నుంచి 6 నెలల దాకా పెట్టుకోవచ్చు. 24 గంటలతో సరిపెట్టండి. అది ముందుగా ఆపేది కొత్త ఖాతాలనే, మనం ఎదురుచూసేదీ వాళ్లకోసమే.

కాలేజీల్లో వర్క్‌షాపులు పెట్టే సీనియర్లకు ఒక మాట. సాధన కోసం మీ సొంత రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) ఒకటి తెరిచి పిల్లల చేత అందులో చేయించండి. ఊరుపేరు తెలియని ప్రాజెక్టు మీదికి క్లాసు మొత్తాన్నీ ఒకేసారి పంపకండి. తిట్లు పడేది మీకు కాదు, వాళ్లకు.

నవంబర్ మొదటి వారానికి కూడా ఒక సాయంత్రం అట్టిపెట్టండి. మిగిలిపోయిన పుల్ రిక్వెస్టులు ఒక్కొక్కటీ తెరవండి. తీసుకోలేనివాటికి కారణం రాసి మూయండి, చిన్న సవరణ చాలనుకున్నవాటిని మీరే సరిచేసి వాళ్ల పేరుతోనే మెర్జ్ చేయండి, అంటే ప్రాజెక్టులో కలపండి. తర్వాతి విడుదల నోట్స్‌లో అందరి పేర్లూ వేయండి. రెండోసారి వచ్చిన వాళ్లెవరైనా ఉంటే ఇష్యూలకు లేబుళ్లు పెట్టే అనుమతి ఇవ్వండి, వచ్చే అక్టోబర్‌కు పని పంచుకునే మనిషి దొరుకుతారు.